తాళం మారితే మిక్స్ మారనక్కరలేదా?

డ్రమ్స్ నేర్పే మిత్రుడొకరు తన శిష్యుల సాధన కోసం వేర్వేరు తాళాల్లో చిన్న చిన్న డెమో ట్రాకులు రికార్డు చేసి, మిక్సింగ్ కోసం, అంటే విడివిడిగా రికార్డైన వాయిద్యాలను సరితూచి కలపడం కోసం, నాకు పంపారు. 4/4, 3/4, 6/8, 5/4, 7/8, 9/8 తాళాలకు ఒక్కో ముక్క, ఒక్కోటి అర నిమిషానికి కాస్త అటూ ఇటూ. (ఈ గుర్తుల్లో పై అంకె ఒక ఆవర్తంలో, అంటే బార్‌లో, ఎన్ని దెబ్బలో చెబుతుంది; కింది అంకె 4 అయితే ఆ దెబ్బ క్వార్టర్ నోటు, 8 అయితే అందులో సగమైన ఎయిత్ నోటు.) అన్నింటిలోనూ అవే వాయిద్యాలు, అదే గది, అవే మైకులు. ఫైళ్లతో పాటు ఆయన ఒక సూచన కూడా జతచేశారు. ముందు 4/4 ముక్కను బాగా కుదుర్చుకొని, ఆ సెట్టింగులనే టెంప్లేటుగా మిగతావాటన్నింటికీ పెట్టేస్తే పని తొందరగా తెములుతుందట. ఎందుకంటే తాళమన్నది వాయించేవాడి వ్యవహారమే తప్ప మిక్స్ చేసేవాడిది కాదట.

ఆయన మాటలో నిజం లేకపోలేదు. మిక్సింగ్‌లో సగం పని శబ్దం రంగుకు సంబంధించినది. కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), బేస్ గిటార్ రెండూ 60, 80 హెర్ట్జ్ ప్రాంతంలో ఒకదాన్నొకటి కప్పేసుకుంటుంటే, ఆ తగువు తీర్చే పద్ధతి 4/4లోనూ 7/8లోనూ ఒకటే. స్నేర్ (గరగరమనే చిన్న డ్రమ్) పై మైకుకూ కింది మైకుకూ మధ్య ఫేజ్ తేడా (ఒకే శబ్దపు అలలు రెండు మైకుల్లో కలవకపోవడం), గిటార్‌లో 300 హెర్ట్జ్ దగ్గరి ఉబ్బు, గది గోడల నుంచి మైకులోకి చేరిన రొద, ఇవేవీ లెక్క తెలిసినవి కావు. శబ్దం రంగును సరిచేసే ఈక్వలైజరుకు బార్ అంటే ఏమిటో తెలియదు. ఆ మేరకు టెంప్లేటును నిక్షేపంగా వాడుకోవచ్చు, నేనూ వాడుకున్నాను.

అయితే మిగతా సగం పని కాలంతో ముడిపడి ఉంటుంది. బిగ్గర దెబ్బలను నొక్కే కంప్రెసర్ ఎంతసేపటికి పట్టు వదలాలి, ప్రతిధ్వని పుట్టించే డిలే ఎంత వ్యవధికి తిరిగి పలకాలి, గది మార్మోతనిచ్చే రివర్బ్ ఎక్కడికి అణగాలి, ఏ దెబ్బ మిగతా దెబ్బల కన్నా పైకి వినిపించాలి అన్న ప్రశ్నలు వచ్చిన మరుక్షణం తాళం గదిలోకి వచ్చి కూర్చుంటుంది. అందువల్ల నా అభిప్రాయం మిత్రుడి అభిప్రాయానికి దాదాపు ఎదురుగా ఉంది. టైమ్ సిగ్నేచర్‌లో, అంటే 7/8 వంటి తాళం గుర్తులో, కనిపించే అంకె కన్నా, ఆ అంకె లోపల దెబ్బలు ఏ విధంగా విరిగాయన్నదే వినేవారి ఒంటికి తెలుస్తుంది; ఆ విరుపును నిలబెట్టేదీ, చెరిపేసేదీ చాలామటుకు రికార్డింగ్‌లోనూ మిక్స్‌లోనూ తీసుకునే చిన్న చిన్న నిర్ణయాలే. పాట పొడవు ఐదు నిమిషాలైతే వినేవారు మెల్లగా అలవాటు పడతారు. అర నిమిషపు డెమోకు ఆ వెసులుబాటు లేదు.

ఫేడరు చెరిపేసే తాళం

3/4నూ 6/8నూ పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి తేలిపోతుంది. రెండింటిలోనూ బార్‌కు ఆరు ఎయిత్ నోట్లే. టెంపో ఒకటే అయితే బార్ పొడవు కూడా ఒకటే. మొదటిది రెండేసి చొప్పున మూడు ముక్కలు, రెండోది మూడేసి చొప్పున రెండు ముక్కలు. హై-హ్యాట్ (కాలితో మూసి తెరిచే జంట సింబల్స్) ఆ ఆరు దెబ్బలనూ ఒకే బలంతో వాయిస్తోందనుకుందాం. దాన్ని ఒక్కదాన్నే సోలోలో పెట్టి వింటే అది ఏ తాళమో చెప్పడం ఎవరి తరమూ కాదు. తేడా అంతా కిక్ ఎక్కడ పడింది, స్నేర్ ఎక్కడ జవాబిచ్చింది, బేస్ ఏ దెబ్బ మీద స్వరం మార్చింది అన్నవాటిలో ఉంది. కాబట్టి హై-హ్యాట్ ఫేడరును (మట్టాన్ని పెంచి తగ్గించే మీటను) నాలుగైదు డెసిబెల్స్ పైకి తోసి, బేస్‌ను అంతే కిందికి దింపితే రెండు ట్రాకుల మధ్య తేడా పలచబడిపోతుంది. రాసినవారు సరిగ్గానే రాశారు, వాయించినవారు సరిగ్గానే వాయించారు, తాళాన్ని మాత్రం ఫేడరు చెరిపేసింది.

ఈ సంగతిని పరీక్షించడానికి 7/8 ముక్కను రెండు విధాలుగా మిక్స్ చేసి, సంగీతం నేర్చుకోని ఒకాయనకు వినిపించాను. ఏం వింటున్నారో ముందుగా చెప్పలేదు. హై-హ్యాట్ ముందుకు వచ్చిన మిక్స్‌కు ఆయన వేళ్లు బల్ల మీద కాసేపు తట్టి, తడబడి, ఆగిపోయాయి. కిక్, బేస్ ముందుకు వచ్చిన మిక్స్‌కు తల ఊగింది: పొట్టి, పొట్టి, పొడుగు. ఎన్ని దెబ్బలు వినిపించాయని అడిగితే మూడు అన్నారు. ఆ జవాబు తప్పని నేననుకోను. 2+2+3గా విరిగిన ఏడులో ఒంటికి తగిలేవి ఆ మూడు తలలే, అంటే ఒక్కో ముక్క మొదటి దెబ్బలే. ఒక్క మనిషి మీద చేసిన ప్రయోగం ఏదీ రుజువు చేయదనీ, రెండోసారి వింటున్నారు గనుక చెవి అప్పటికే అలవాటు పడి ఉండవచ్చనీ ఎవరైనా అంటే కాదనలేను. కాని ఆయన వేళ్లతో ఒకదానికీ, తలతో మరొకదానికీ స్పందించడం నాకు చాలా చెప్పింది.

నాలుగు మాత్రమే మనిషికి పుట్టుకతో వచ్చిన లెక్కనీ, ఐదూ ఏడూ బుర్రతో నేర్చుకోవలసినవనీ గట్టిగా నమ్మేవారున్నారు. ఎరిన్ హానన్, శాండ్రా ట్రెహబ్ అనే మనస్తత్వ పరిశోధకులు 2005లో ప్రచురించిన పరిశోధన ఆ నమ్మకానికి ఎదురు నిలుస్తుంది. ఉత్తర అమెరికాలో పెరిగిన పెద్దవారు సరళమైన తాళాల్లో వచ్చిన భంగాన్ని గుర్తుపట్టారు గాని, బాల్కన్ ప్రాంతపు అసమ తాళాల్లో వచ్చిన భంగాన్ని పట్టుకోలేకపోయారు. బల్గేరియా, మాసిడోనియా మూలాలున్న పెద్దవారు రెండింటినీ పట్టుకున్నారు. విశేషమేమంటే ఉత్తర అమెరికాలోని ఆరు నెలల పసిపిల్లలు కూడా రెండింటినీ పట్టుకున్నారు. ఏడాది నిండేసరికి వాళ్లు తమ పెద్దల దారిలో పడ్డారు గాని, కొన్నాళ్లు ఆ సంగీతం వినిపించగానే పోయిన శక్తి తిరిగి కనిపించింది. బల్గేరియాలో రచెనిత్సా అనే నృత్యం 2+2+3 విరుపుతోనే నడుస్తుంది, ఆడేవాళ్లు ఏడు లెక్కపెడుతూ ఆడరు. కర్ణాటక సంగీతంలో ఏడు లెక్కల తాళమైన మిశ్రచాపులో కీర్తన వినేవారూ అంతే. కష్టం అంకెలో లేదు, అలవాటులో ఉంది. అలాంటప్పుడు డెమో చేసే పని ఆ అంకె ఎంత వింతదో చాటడం కాదు, విరుపును చెవికి ఎంత త్వరగా అలవాటు చేయగలదో చూడటం.

క్లిక్ కూడా ఒక మిక్సే

రికార్డింగ్ మొదలయ్యే ముందే ఒక మిక్స్ జరిగిపోతుంది, అది వాయించేవారి హెడ్‌ఫోన్లలో. అక్కడ ఏది బిగ్గరగా వినిపిస్తే వాయింపు దాని వెంటే నడుస్తుంది.

చాలా సాఫ్ట్‌వేర్లలో 7/8 పెట్టగానే క్లిక్, అంటే వేగం తప్పకుండా వినిపించే టిక్కు, ఎయిత్ నోట్ల మీద సమానంగా పడుతుంది, మొదటి దెబ్బ మాత్రం కాస్త పై స్థాయిలో పలుకుతుంది. టెంపో 120 అంటే క్వార్టర్ నోట్లు నిమిషానికి 120, ఎయిత్ నోట్ క్లిక్కులు నిమిషానికి 240. అంత వేగంగా పడే సమానమైన చప్పుళ్లను వెంబడించేవారు ఏడు దెబ్బలనూ దాదాపు ఒకే బరువుతో వాయిస్తారు, మరోలా వాయించడానికి వారికి ఊపిరి సలపదు. పోనీ క్వార్టర్ నోట్ల మీద క్లిక్ పెడదామా అంటే, ఏడు బేసి గనుక మొదటి బార్‌లో ఒకటి మీద పడ్డ క్లిక్ రెండో బార్‌లో రెండు మీద పడుతుంది. రెండు బార్లకొకసారి మాత్రమే అది మళ్లీ బార్ తలను కలుస్తుంది. మొదటి పద్ధతిలో టేకులు (రికార్డు చేసిన వాయింపులు) చదునుగా వస్తాయి, రెండో పద్ధతిలో బెదురుతూ వస్తాయి. ఆ తర్వాత మిక్స్‌లో ఏం చేసినా పోయిన విరుపు పూర్తిగా తిరిగి రాదు.

నేను క్లిక్‌ను సొంతంగా తయారుచేసుకుంటాను. విరుపు తలల మీద మాత్రమే చెక్క మీద కొట్టినట్టుండే ఒక పొడి శబ్దం పెట్టి, మిగతా ఎయిత్ నోట్లను వినీ వినిపించనంత కిందికి దింపుతాను. అంతకన్నా మంచి పద్ధతి నోటితో జతులు చెప్పి దాన్నే గైడ్ ట్రాకుగా వాడటం. 2+2+3కు తక తక తకిట, 3+4కు తకిట తకధిమి, 2+3కు తక తకిట, 4+5కు తకధిమి తకతకిట. ఈ అక్షరాల్లో విరుపు దానంతటదే ఉంటుంది, విడిగా గుర్తుపెట్టుకోనక్కరలేదు. అంకెలతో లెక్కపెడితే ఆ సౌకర్యం ఉండదు సరికదా, ఆ వేగంలో నాలుగు దగ్గరికి వచ్చేసరికి నాలుక ఒక అక్షరం వెనకబడుతుంది కూడా. నోటి గైడ్‌కు ఇంకో లాభం ఉంది. హెడ్‌ఫోన్ల నుంచి పదునైన క్లిక్ గిటార్ మైకులోకి కారితే నిశ్శబ్దపు చోట్లన్నింటిలోనూ అది పట్టుబడిపోతుంది, మెత్తటి గొంతు కారినా వాయిద్యం కింద అణిగిపోతుంది.

నోటి గైడ్‌లో వేగం నిలకడగా ఉండదన్న అభ్యంతరానికి జవాబు సులభమే: జతులు చెప్పేటప్పుడు క్లిక్ వింటూ చెప్పి, వాయించేవారికి ఆ క్లిక్ లేకుండా గైడ్ మాత్రం వినిపించవచ్చు. అంతకన్నా బలమైన అభ్యంతరం ఒక బేస్ వాద్యకారుడి నుంచి వచ్చింది. చెవిలో ఇంకొకరి జతులు పడుతుంటే తన చేతికి సొంత నడక దొరకడం లేదనీ, కిక్ ఒక్కటి వినిపిస్తే చాలనీ ఆయన అన్నారు. గైడ్ తీసేశాక ఆయన వాయించిన టేకులో మూడో ముక్క, అంటే పొడుగు ముక్క, గ్రిడ్ (సాఫ్ట్‌వేర్ గీసే కాలపు గళ్లు) కన్నా ఒక వెంట్రుకవాసి సాగింది, ఆ సాగడమే ఆ టేకుకు అందం తెచ్చింది. దాన్ని క్వాంటైజ్ చేయకుండా, అంటే గ్రిడ్‌కు జరపకుండా, వదిలేశాను. అందరికీ ఒకే గైడ్ అన్న నియమాన్ని కూడా అక్కడే వదిలేశాను.

ఎత్తుగడ లెక్కను, అంటే వాయింపుకు ముందు వినిపించే బార్లను, కూడా ఎవరూ పెద్దగా పట్టించుకోరు. 120 టెంపోలో 7/8 బార్ పొడవు 1.75 సెకన్లు. ఒక్క బార్ వినిపించి వాయించమంటే విరుపు మనసులో కుదిరేలోపే మొదటి దెబ్బ వచ్చేస్తుంది, అందువల్ల మొదటి రెండు బార్లూ ఆ తర్వాతి బార్లకు చెందనట్టు వినిపిస్తాయి. కనీసం రెండు బార్ల ఎత్తుగడ ఉండాలి, అది కూడా విరుపుతోనే ఉండాలి.

టెంపో రాసుకోవడంలో మరో చిక్కు ఉంది. చాలా సాఫ్ట్‌వేర్లు తాళమేదైనా టెంపోను క్వార్టర్ నోట్లలోనే లెక్కిస్తాయి. 6/8 పాటలో పాదం పడేది మూడేసి ఎయిత్ నోట్లకొకసారి గనుక, సాఫ్ట్‌వేర్‌లో 120 అని కనిపించినప్పుడు పాదానికి తెలిసే వేగం 80. ఒకరు పాదం లెక్కతో 80 అని చెప్పి, ఇంకొకరు సాఫ్ట్‌వేర్‌లో 80 అని పెట్టి రికార్డు చేసి పంపితే, వచ్చిన ట్రాకు అనుకున్న వేగంలో మూడింట రెండు వంతులే ఉంటుంది. దూరం నుంచి ఫైళ్లు మార్చుకునేవాళ్లు టెంపో అంకె పక్కన అది ఏ నోటు లెక్కో రాయడం మంచిది.

ఇక కోసిన లూపుల (పదేపదే తిప్పే రికార్డు ముక్కల) సంగతి. 4/4 డ్రమ్ లూపు తీసుకొని చివరి ఎయిత్ నోటును కత్తిరించి 7/8 అని పేరు పెట్టిన డెమోలు ఎన్నో వినిపిస్తుంటాయి. వాటిలో ప్రతి బార్ చివరా గడప తట్టుకొని తూలినట్టు ఉంటుంది. వాయించినవారు ఎనిమిదో దెబ్బ వైపు ప్రయాణం మొదలుపెట్టారు, మనం ఏడో దెబ్బ దగ్గరే దారి తెంచేశాం. సింబల్ మోగుతుండగా కత్తెర పడింది, గది ప్రతిధ్వని సగంలో ఆగింది. క్రాస్‌ఫేడ్ వేసి అతుకును మెత్తబరిస్తే టిక్‌మన్న చప్పుడు పోతుంది గాని, వాయించినవారి ఉద్దేశం మారదు. కావాలని తూలే ఎలక్ట్రానిక్ సంగీతంలో అది శైలి కావచ్చు. సాధన కోసం ఇచ్చే డెమోలో మాత్రం అది శిష్యులకు ఏడంటే ఎనిమిదిలో ఒకటి తక్కువ అని నేర్పుతుంది. మిత్రుడు లూపులు వాడకుండా ప్రతి ముక్కనూ వాయించి రికార్డు చేశారు, ఈ విషయంలో ఆయనకు నమస్కారం పెట్టాలి.

కంప్రెసర్ వేసే ఒత్తు

టెంప్లేటు ఆలోచన అన్నింటికన్నా స్పష్టంగా ఓడిపోయేది కంప్రెసర్ దగ్గర. డ్రమ్స్ అన్నింటినీ కలిపి ఒక బస్‌లోకి (ఉమ్మడి దారిలోకి) పంపి, దాని మీద కంప్రెసర్ పెట్టామనుకుందాం. 120 టెంపోలో 4/4 అంటే, కిక్ ఒకటి, మూడు మీదా, స్నేర్ రెండు, నాలుగు మీదా పడే మామూలు వాయింపులో పెద్ద దెబ్బల మధ్య వ్యవధి ఎప్పుడూ 500 మిల్లీసెకన్లే. కంప్రెసర్ ప్రతి దెబ్బకూ నొక్కుతుంది, 500 మిల్లీసెకన్లలో ఎంతో కొంత కోలుకుంటుంది, అంతలో మరో దెబ్బ. రిలీజ్ (పట్టు వదిలే తీరు) కాస్త నెమ్మదిగా ఉండి పూర్తిగా కోలుకోకపోయినా నష్టం లేదు, ఎందుకంటే ప్రతి దెబ్బకూ అది ఒకే స్థితిలో ఎదురవుతుంది.

అదే సెట్టింగును 2+2+3 మీద పెడితే వ్యవధులు 500, 500, 750. పొడుగు ముక్క తర్వాత వచ్చే దెబ్బ దగ్గరికి చేరేసరికి కంప్రెసర్ మిగతా దెబ్బలప్పటి కన్నా ఎక్కువగా కోలుకొని ఉంటుంది. అందువల్ల ఆ దెబ్బ మొన మిగతావాటి కన్నా నిండుగా బయటికి వస్తుంది. 2+2+3లో ఆ దెబ్బ బార్ మొదటి దెబ్బే. అంటే వాయించినవారు వేయని ఒత్తును కంప్రెసర్ వేసింది, అదృష్టవశాత్తూ సరైన చోటే వేసింది. ఇప్పుడు అదే ఏడును 3+2+2గా విరవండి. పొడుగు ముక్క బార్ మొదట్లోకి వచ్చింది గనుక కంప్రెసర్ ఒత్తు నాలుగో ఎయిత్ నోటు మీద పడుతుంది. బార్ తల ఎక్కడుందో వెతుక్కుంటున్న చెవికి అది తప్పుదారి చూపిస్తుంది. ఒకే అంకె, ఒకే టెంపో, ఒకే సెట్టింగు. ఒకచోట సాయం, ఒకచోట ద్రోహం.

ఆ తేడా మహా అయితే ఒక డెసిబెల్ ఉంటుందేమో, అది ఎవరికి వినిపిస్తుందని అడగవచ్చు. ఒక్కసారికి వినిపించదు. కాని ప్రతి బార్‌లోనూ అదే చోట పడే ఒక డెసిబెల్ మీటరు మీద కనిపించకపోయినా కొద్దిసేపట్లోనే ఒత్తుగా మారుతుంది. నేను పాటించే పద్ధతి ఏమంటే, 2+2+3లో ఆ నెమ్మది రిలీజును అలాగే ఉంచుతాను, 3+2+2లో అతి పొట్టి ముక్క లోపలే పూర్తిగా కోలుకునేలా రిలీజును తగ్గిస్తాను, లేదా బస్ మీద నొక్కడం మానేసి కిక్‌నూ స్నేర్‌నూ విడివిడిగా నొక్కుతాను.

డిలే సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. 120 టెంపోలో చుక్క ఉన్న ఎయిత్ నోటు (ఒకటిన్నర ఎయిత్ నోట్ల పొడవు) డిలే అంటే 375 మిల్లీసెకన్లు. గిటార్ మీద అందరూ అలవాటుగా పెట్టేది అదే. 7/8 బార్ తలతో మొదలైన ఆ ప్రతిధ్వనులు మళ్లీ బార్ తలను కలిసేది మూడు బార్ల తర్వాత. పాట పదాలు (సంగీత వాక్యాలు) నాలుగేసి బార్లుగా కట్టి ఉంటే ప్రతిధ్వని పదం తలతో పన్నెండు బార్లకొకసారి గాని కలవదు. క్వార్టర్ నోటు డిలే రెండు బార్లకొకసారి కలుస్తుంది, ఎయిత్ నోటు డిలే ఎప్పుడూ కలిసే ఉంటుంది. ఈ జారుడే కావాలనుకునేవారు ఉండవచ్చు, నాకూ ఒక్కోసారి అది ఇష్టమే. అర నిమిషంలో విరుపు పట్టించవలసిన ట్రాకులో మాత్రం ప్రతిధ్వని ఒక్కసారి పలికి ఊరుకునేలా ఫీడ్‌బ్యాక్ తీసేస్తాను, లేదా డిలేను సరిగ్గా ఒక బార్ పొడవుకు, అంటే 1750 మిల్లీసెకన్లకు పెట్టి, బార్‌ను బార్‌తో మాట్లాడిస్తాను. ట్రెమోలో (శబ్దం మట్టాన్ని ఊపేది), ఆటో-ప్యాన్ (శబ్దాన్ని కుడి ఎడమలకు ఊపేది) వంటి వాటిలో ఒక బార్ అని రాసి ఉన్న చోట కొన్ని ప్లగిన్లు తాళాన్ని చూడకుండా నాలుగు క్వార్టర్ నోట్లనే ఒక బార్‌గా లెక్కిస్తాయి. వాటిని నమ్మకుండా మిల్లీసెకన్లలో అంకె వేసుకోవడమే క్షేమం.

రివర్బ్ గురించి చెప్పవలసింది ఒక్కటే. 2+2+3లో అసలు కథంతా పొడుగు ముక్కలోని మూడో ఎయిత్ నోటులో ఉంది. ఆ చోటు ఖాళీగా ఉంటేనే ఏడు ఏడుగా నిలబడుతుంది. రెండున్నర సెకన్ల హాల్ రివర్బ్ పెడితే బార్ పొడవే 1.75 సెకన్లు గనుక ఆ ఖాళీ ఎన్నడూ ఖాళీగా ఉండదు, ముక్కల సరిహద్దులన్నీ కలిసిపోతాయి. స్నేర్ మీద అర సెకనుకు మించని గది రివర్బ్ చాలు. పొడుగు రివర్బ్ కావాలంటే దాన్ని కీబోర్డుకు ఇచ్చి, డ్రమ్స్‌ను దానికి దూరంగా ఉంచవచ్చు.

లెక్కపెట్టుకోవడానికే కదా ఈ డెమో?

పై మాటలన్నీ విన్నాక మిత్రుడు వేసిన ప్రశ్న ఇది, దీన్ని తేలిగ్గా తీసిపారేయలేను. ఆయన శిష్యులు ట్రాకు వింటూ తాళాన్ని లెక్కపెట్టడం నేర్చుకోవాలి. అందుకు హై-హ్యాట్ స్పష్టంగా వినిపించాలి, ప్రతి ఎయిత్ నోటూ తెలియాలి. నేనేమో హై-హ్యాట్‌ను దింపి, విరుపును పైకి తెచ్చి, లెక్కను దాచేస్తున్నాను. నా మిక్స్ వినడానికి హాయిగా ఉంటుందేమో గాని నేర్పడానికి పనికిరాదన్నది ఆయన వాదం.

ఇందులో సగం ఒప్పుకుంటాను. 9/8 ముక్కలో విరుపు 2+2+2+3. అక్కడ ముక్కలు నాలుగు, వాటిలో మూడు ఒకే పొడవువి. హై-హ్యాట్ అణిగిపోతే రెండో ముక్కలో ఉన్నామా మూడో ముక్కలో ఉన్నామా అని కొత్తవారు తేల్చుకోలేరు. అక్కడ నేను హై-హ్యాట్‌ను ఆయన అడిగిన చోటికే తెచ్చాను. కాని 5/4, 7/8 విషయంలో నా పట్టు సడలలేదు. లెక్కతో మొదలుపెట్టిన శిష్యుడు లెక్క తప్పగానే ఆగిపోతాడు, విరుపుతో మొదలుపెట్టినవాడు ఒక దెబ్బ తప్పినా తర్వాతి తల దగ్గర మళ్లీ కలుస్తాడు. నేర్పవలసింది ఆ కలవడమే.

ఈ సందర్భంలో 1959లో డేవ్ బ్రూబెక్ జాజ్ బృందం విడుదల చేసిన, పాల్ డెస్మండ్ రాసిన 'టేక్ ఫైవ్'ను తలచుకోకుండా ఉండలేను. 5/4లో ఉన్న ఆ ముక్కలో పియానో 3+2గా విరిగే ఒకే వరసను పట్టుకొని నడుస్తుంది. జో మొరెల్లో డ్రమ్స్ మీద సోలో వాయిస్తూ ఎటెటో వెళ్తున్నప్పుడు కూడా ఆ వరస కింద అలాగే ఉంటుంది. వినేవారు డ్రమ్స్ వెంట ఎంత దూరమైనా వెళ్లి రావచ్చు, ఐదు ఎక్కడుందో పియానో చెబుతూనే ఉంటుంది. డెమోలో అలాంటి స్తంభం ఒకటి ఉండాలి. అది ఏ వాయిద్యమన్నది రికార్డింగ్‌కు ముందే తేల్చుకొని, మిక్స్‌లో దాని మట్టం మొదటి నుంచి చివరి వరకూ కదలకుండా చూసుకోవాలి. మిగతావన్నీ పెరగవచ్చు, తగ్గవచ్చు. మిత్రుడి 7/8 ముక్కలో ఆ పని బేస్‌కు అప్పగించాను.

చివరికి ఇద్దరం రాజీ పడ్డ పద్ధతి ఇది: ట్రాకు మొదటి రెండు బార్లలో నోటి జతులు, పూర్తి హై-హ్యాట్, మూడో బార్ నుంచి జతులు ఉండవు, హై-హ్యాట్ కిందికి దిగుతుంది, బేస్ పైకి వస్తుంది. ఆయన ఇప్పటికీ ట్రాకు సగం వరకూ హై-హ్యాట్ ఉండాలనే అంటారు.

అర నిమిషం అనే కొలత

డెమోలన్నీ సరిగ్గా 30 సెకన్లు ఉండాలన్న నియమం చూడటానికి న్యాయంగానే ఉంటుంది. 120 టెంపోలో 30 సెకన్లంటే 3/4కు 20 బార్లు, 4/4కు 15 బార్లు, 5/4కు 12 బార్లు. 7/8కు మాత్రం 17 బార్లు పోగా ఒక ఎయిత్ నోటు మిగులుతుంది. ఆ మిగులును ఏం చేయాలో తెలియక ఫేడ్-అవుట్ పెట్టేస్తారు, బార్ మధ్యలో శబ్దం సన్నగిల్లిపోతుంది. నాలుగేసి బార్ల పదాలుగా చూస్తే 4/4కు కూడా 15 బార్లు అసంపూర్ణమే, కాని 4/4కు అలవాటు పడ్డ చెవి ఆ లోటును తనే పూరించుకుంటుంది. 7/8లో వినేవారికి అంత సాయం లేదు.

అందుకని కొలతను సెకన్లలో కాక ఆవర్తాల్లో పెట్టుకోవాలని నా వాదన. ప్రతి డెమోకు 16 బార్లు, ఆ తర్వాత పదిహేడో బార్ మొదటి దెబ్బ మీద ముగింపు. 7/8 అప్పుడు 28 సెకన్లు, 4/4 అయితే 32, 5/4 అయితే 40. పొడవులు సమానంగా ఉండవు, కాని వినేవారికి విరుపు ఎదురయ్యే సార్లు సమానంగా ఉంటాయి. ముగింపు దెబ్బ బార్ తల మీద పడటం చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, అప్పటిదాకా అనుమానంగా ఊగుతున్న తలకు అది ఖాయమైన జవాబు.

ముక్కల మధ్య శబ్దపు మట్టం సమానంగా ఉండాలన్నది వేరే చెప్పనక్కరలేదు. పీకులు (క్షణికమైన శిఖరాలు) చూసి కాకుండా, చెవికి తెలిసే బిగ్గరతనాన్ని చెప్పే ఎల్‌యూఎఫ్‌ఎస్ కొలతతో సరిచూసుకుంటే చాలు, లేకపోతే బిగ్గరగా ఉన్న ముక్కే మంచి ముక్క అనిపిస్తుంది. రెండు మిక్సులను పోల్చేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త పడాలి.

ఒక్క చోట మాత్రం నా వాదన నా చేతిలోనే పట్టు తప్పుతోంది, అది నెమ్మదైన 5/4 దగ్గర. టెంపో 60 అయితే బార్ పొడవు ఐదు సెకన్లు, అందులో 3+2 విరుపు అంటే మూడు సెకన్ల ముక్క, రెండు సెకన్ల ముక్క. అంత దూరంలో ఉన్న తలలను చెవి ఒక కట్టగా పట్టుకోదు, ఒక్కో దెబ్బనూ విడిగానే వింటుంది. పొట్టి ముక్క ముగిసేలోపే కంప్రెసర్ ఎప్పుడో కోలుకొని ఉంటుంది గనుక ఒత్తులో తేడా రాదు. రివర్బ్ రెండున్నర సెకన్లు ఉన్నా బార్‌లో సగమే నిండుతుంది. అంటే అంత నెమ్మదిలో మిక్స్ చెరపగలిగిందీ తక్కువే, నిలబెట్టగలిగిందీ తక్కువే. విరుపును మోయవలసింది స్వరాల మార్పూ, బేస్ గీతా, వాటిని రాసినవారూ. అక్కడ 4/4 టెంప్లేటును తెచ్చి పెట్టినా పెద్ద నష్టం కనిపించలేదు, కాబట్టి అలాగే పెట్టాను.